ఇంటి ఏసీ, కూలర్, గీజర్: నిర్వహణ, మార్పిడిపై తరచుగా అడిగే ప్రశ్నలు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. ఇంటిని వెచ్చబరచుకోవలసిన రోజులు ఆదిలాబాద్, అరకు, పాడేరు, లంబసింగి వంటి చోట్ల తప్ప వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. అందువల్ల ఈ పేజీలో ఎక్కువ చోటు ఏసీకి, ఆ తర్వాత కూలర్‌కు, చివరన కొంత గీజర్‌కు దక్కింది. ఏసీ అంటే ఇక్కడ గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ అని అర్థం చేసుకోవాలి. కిటికీ ఏసీకి వర్తించని మాట ఉన్నచోట అది సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది.

ఏటా వేసవికి ముందు ఏసీలో గ్యాస్ నింపించుకోవాలా?

అక్కర్లేదు. ఏసీలోని గ్యాస్ బండిలో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. కంప్రెసర్, రాగి గొట్టాలు, లోపలి కాయిల్, బయటి కాయిల్ కలిసి మూసి ఉన్న ఒకే వలయం. గ్యాస్ గదిలోని కాయిల్లో ఆవిరవుతూ వేడిని పీల్చుకుంటుంది, బయటి కాయిల్లో ద్రవంగా మారుతూ ఆ వేడిని వదిలేస్తుంది, మళ్లీ లోపలికి వస్తుంది. ఏసీ చల్లదనాన్ని పుట్టించదు, గదిలోని వేడిని మోసుకెళ్లి బయట పడేస్తుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింది ప్రశ్నల్లో సగానికి జవాబు మీకే తోస్తుంది.

గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. కారే చోటు వెతకకుండా నింపడం చిల్లికుండలో నీళ్లు పోయడమే. మా ఇంటి పైగది ఏసీకి వరసగా మూడు వేసవులు గ్యాస్ నింపించాము. నాలుగో ఏడు వచ్చిన మెకానిక్ సిలిండరు బండిలోనే ఉంచి, అవుట్‌డోర్ యూనిట్ పక్కన గొంతుక్కూర్చుని, రాగి గొట్టాన్ని బిగించే ఇత్తడి నట్టు చుట్టూ పేరుకున్న దుమ్మును వేలితో తుడిచి చూపించాడు. వేలికి నల్లటి జిడ్డు అంటింది. కంప్రెసర్ నూనె గ్యాస్‌తో పాటే గొట్టాల్లో తిరుగుతుంది కనుక గ్యాస్ కారిన చోట నూనె మరక పడుతుంది. సబ్బు నురగ పూస్తే అక్కడ బుడగ ఒకటి మెల్లగా ఉబ్బుతూ కనిపించింది. గొట్టం చివర కోసి, కొత్తగా ఫ్లేరింగ్ చేసి, అంటే గొట్టం అంచును గరాటులా విప్పి, నట్టు బిగించాక ఆ ఏసీకి మళ్లీ గ్యాస్ అవసరం రాలేదు.

లీకు సరిచేశాక నింపే పద్ధతి కూడా ముఖ్యమే. ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పెట్టి పరీక్షించాలి, తర్వాత వాక్యూమ్ పంపుతో గొట్టాల్లోని గాలిని, తేమను లాగేయాలి, ఆ పైన యూనిట్ మీద అంటించిన పట్టీలో రాసి ఉన్నన్ని గ్రాముల గ్యాస్‌ను త్రాసుపై తూచి ఎక్కించాలి. ఇన్వర్టర్ ఏసీలో కంప్రెసర్ వేగం మారుతూ ఉంటుంది కనుక మీటరులోని ఒత్తిడి చూసి మాత్రమే గ్యాస్ సరిపోయిందో లేదో తేల్చడం నమ్మదగ్గది కాదు. త్రాసు, వాక్యూమ్ పంపు లేకుండా వచ్చిన మనిషి చేత గ్యాస్ నింపించుకోకపోవడమే మేలు.

కూలింగ్ తగ్గింది. మెకానిక్‌ను పిలిచే ముందు నేనే చూసుకోగలిగినవి ఏమిటి?

మొదట ఫిల్టర్లు తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుగు కనబడకపోతే తప్పు దొరికినట్టే. తర్వాత రిమోట్‌లో మోడ్ ‘కూల్’లోనే ఉందా, పిల్లల చేతిలో ‘ఫ్యాన్’కో ‘డ్రై’కో మారిందా చూడండి. నవ్వు రావచ్చు కాని, మెకానిక్ వచ్చి బటను నొక్కి రుసుము తీసుకుని వెళ్లిన ఇళ్లు తక్కువేమీ కాదు. ఆ తర్వాత అవుట్‌డోర్ యూనిట్ దగ్గరకు వెళ్లి ఫ్యాను తిరుగుతోందా, వేడి గాలి బలంగా వస్తోందా, ఎదురుగా ఎవరైనా పాత తలుపో, మొక్కల కుండీలో, ఆరేసిన దుప్పటో అడ్డుపెట్టారా గమనించండి.

చేతిలో గాలి వేడిని చూపే మామూలు థర్మామీటరు ఉంటే ఇంకొంచెం తెలుస్తుంది. ఏసీ పావుగంట నడిచాక పైనుంచి లోపలికి పోయే గాలికీ, కింద బయటికి వచ్చే గాలికీ మధ్య 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే యంత్రం తన పని తాను చేస్తున్నట్టే. ఉక్కపోత ఎక్కువగా ఉన్న రోజున ఈ తేడా కొంత తగ్గుతుంది. యంత్రం సరిగానే ఉండి గది మాత్రం చల్లబడకపోతే, లోపం ఏసీలో కాక కిటికీ సందుల్లోనో, పైకప్పులోనో ఉంది.

లోపలి కాయిల్ మీదో, రాగి గొట్టం మీదో మంచు పేరుకుంటే వెంటనే కూలింగ్ ఆపి ఫ్యాను మాత్రమే నడపండి. మంచు కట్టడం ఏసీ బాగా పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. గాలి సరిగా ఆడకపోవడం గాని, గ్యాస్ తగ్గడం గాని దానికి కారణం. పాతరకం ఏసీలో, అంటే ఇన్వర్టర్ కానిదానిలో, బయటి కంప్రెసర్ ‘హుమ్’మని మూలిగి ఆగిపోతుంటే దాన్ని తిప్పడానికి తోడ్పడే కెపాసిటర్ అనే చిన్న భాగం పోయిందేమో అనుకోవచ్చు. అది కొన్ని వందల రూపాయలతో తేలే పని, దాన్ని చూడకుండానే కంప్రెసర్ మార్చాలనే మాటకు తొందరపడి ఒప్పుకోవద్దు. కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉంటుంది కనుక దాని జోలికి మీరు మాత్రం పోకూడదు.

సర్వీసింగ్ ఎన్నాళ్లకొకసారి చేయించాలి? మంచి సర్వీసింగ్ అంటే ఏమిటి?

ఫిల్టర్లు వాడకం రోజుల్లో రెండు వారాలకొకసారి మీరే కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టుకోవాలి. మెకానిక్ చేత పూర్తి సర్వీసింగ్ ఉగాదికి ముందు ఒకసారి చాలు. ఏడాదంతా వాడే ఇంట్లో, రోడ్డు పక్క ఇంట్లో, దగ్గరలో కట్టుబడి పని జరుగుతున్న ఇంట్లో దసరా వేళ ఇంకొకసారి చేయించుకోవచ్చు. ఎండలు ముదిరాక పిలిస్తే మెకానిక్ దొరకడు, దొరికినా ఇరవై నిమిషాల్లో ముగించి పోతాడు.

ఆ ఇరవై నిమిషాల సర్వీసింగ్‌లో సాధారణంగా కడగకుండా మిగిలిపోయేది ఇండోర్ యూనిట్‌లోని బ్లోయర్, అంటే పొడవాటి రోలర్. టార్చి వేసి గాలి వచ్చే సందులోంచి చూస్తే దాని రెక్కల మీద నల్లటి బూజు పొర కనిపిస్తుంది. ఏసీ వేయగానే వచ్చే ముక్కిన వాసన అక్కడిదే, గాలి జోరు తగ్గడానికి కారణం కూడా అదే. కాయిల్, బ్లోయర్, డ్రెయిన్ ట్రే, బయటి కాయిల్ నాలుగూ కడిగితేనే సర్వీసింగ్ అయినట్టు. జెట్ పంపుతో కడిగేటప్పుడు నీటిధార కాయిల్‌కు నిటారుగా పడాలి, ఏటవాలుగా కొడితే పలుచని అల్యూమినియం రేకులు వంగి గాలిదారి మూసుకుపోతుంది.

విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం వంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్‌ను తినేస్తుంది. అక్కడివారు నెలకొకసారి కరెంటు ఆపి మంచినీటితో బయటి కాయిల్‌ను మెల్లగా కడుక్కోవడం, కొనేటప్పుడే రాగి కాయిల్, తుప్పు పట్టని పూత ఉన్నదాన్ని ఎంచుకోవడం అవసరం.

ఇండోర్ యూనిట్ నుంచి గోడ మీదికి నీళ్లు కారుతున్నాయి. ఎందుకు?

చల్లని కాయిల్‌కు తగిలిన గాలిలోని తేమ నీరై ట్రేలోకి దిగి, డ్రెయిన్ పైపు గుండా బయటికి పోవాలి. ఉక్కగా ఉన్న రోజున ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు ఒకటి రెండు లీటర్ల నీరు తీస్తుంది. పైపులో పాచి పేరుకున్నా, పైపు వాలు తప్పినా, దాని కొస బకెట్లోని నీటిలో మునిగి గాలి అడ్డుపడినా ఆ నీరు వెనక్కి తన్ని గోడ మీదికి వస్తుంది. కొసను నీటి మట్టానికి పైన ఉంచండి, పైపులోకి ఒకసారి గట్టిగా గాలి ఊదండి. ఎక్కువసార్లు ఇంతటితోనే సమస్య తీరుతుంది. ఆ నీటిని ఇల్లు తుడవడానికి, మొక్కలకు వాడుకోవచ్చు గాని తాగడానికి పనికిరాదు.

మేడ మీది గది ఏసీ వేసినా చల్లబడదు. ఇంకా పెద్ద ఏసీ కొనాలా?

కొనే ముందు ఒకసారి రాత్రి తొమ్మిదింటికి స్లాబు లోపలి వైపు, అంటే మీ గది పైకప్పును, కుర్చీ ఎక్కి అరచేత్తో తాకి చూడండి. పగలంతా ఎండను పీల్చుకున్న కాంక్రీటు ఆ వేళకు పొయ్యి మీది పెనంలా గదిలోకి వేడిని దింపుతూ ఉంటుంది. ఏసీ ఒక పక్క వేడిని బయటికి మోస్తుంటే, స్లాబు ఇంకో పక్క నుంచి నింపుతోంది. పెద్ద ఏసీ పెడితే ఈ పోటీ ఆగదు, కరెంటు బిల్లు పెరుగుతుంది.

నా అభిప్రాయంలో పైఅంతస్తు ఇంటికి మొదటి ఖర్చు యంత్రం మీద కాదు, కప్పు మీద పెట్టాలి. వేసవికి ముందు డాబా మీద సున్నం కొట్టడం మన పెద్దలకు తెలిసిన పనే. ఇప్పుడు ఎండను తిప్పికొట్టే తెల్ల పెయింట్లు, తెల్ల పలకలు దొరుకుతున్నాయి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం 2028 వరకు అమలుకు ఉద్దేశించినది. 600 చదరపు గజాలు దాటిన స్థలాల్లో కట్టే ఇళ్లకు చల్లని కప్పును అది తప్పనిసరి చేసింది. మీ స్థలం అంతకంటే చిన్నదైనా ఆ పని చేసుకోవద్దని ఎవరూ అనరు. పెయింటు వేసేముందు బీటలు పూడ్చి, దుమ్ము కడిగి, ఆ తర్వాత ఏటా వేసవి మొదట్లో ఒకసారి కప్పును కడగాలి. దుమ్ము పట్టిన తెలుపు ఎండను తిప్పికొట్టలేదు. పడమటి కిటికీకి లోపల మందపాటి కర్టెన్ కంటే బయట తడికో, చజ్జా కిందికి దిగే తెరో మేలు, ఎందుకంటే అద్దం దాటి లోపలికి వచ్చిన ఎండను కర్టెన్ ఆపినా ఆ వేడి గదిలోనే ఉండిపోతుంది.

నా గదికి ఎన్ని టన్నుల ఏసీ కావాలి?

టన్ను అన్నది ఏసీ బరువు కాదు. ఒక టన్ను మంచుగడ్డ ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత వేడిని తొలగించే శక్తికి మంచు వ్యాపారం నాటి నుంచి ఆ పేరు నిలిచింది. ఇప్పటి లెక్కలో అది సుమారు 3.5 కిలోవాట్లు. మధ్య అంతస్తులో నూటిరవై చదరపు అడుగుల పడకగదికి ఒక టన్ను సాధారణంగా సరిపోతుంది, అదే గది పైఅంతస్తులో పడమటి గోడతో ఉంటే ఒకటిన్నర టన్ను అడుగుతుంది. కొలత ఒక్కటే చూసి చెప్పే దుకాణదారు మాట సగమే నిజం. అవసరానికి మించిన ఏసీ, ముఖ్యంగా పాతరకంది, గదిని గబగబా చల్లబరచి ఆగిపోతుంది, గాలిలోని తేమను లాగే సమయం దానికి చిక్కదు. విజయవాడలో, రాజమహేంద్రవరంలో అటువంటి గదిలో చలిగానూ, చెమ్మగానూ ఉండే అసౌకర్యం తెలుస్తుంది.

పాత ఏసీని బాగుచేయించుకోవాలా, కొత్తది కొనాలా?

ముందు పాత ఏసీ పట్టీ మీద గ్యాస్ పేరు చూడండి. ఆర్-22 అని ఉంటే, ఓజోన్ పొరకు హాని చేసే ఆ వాయువును మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం దశలవారీగా తగ్గిస్తోంది, 2024 చివరికి కొత్త పరికరాల తయారీలో దాని వాడకాన్ని ఆపడం లక్ష్యంగా పెట్టుకుంది. సర్వీసింగ్‌కు ఇంకా దొరికినా, అటువంటి ఏసీలో కంప్రెసరో, కాయిలో పోతే దాని మీద పెద్ద డబ్బు పెట్టడం తెలివైన పని కాదు. ఆర్-22 యంత్రంలో ఆర్-32ను గాని, ఆర్-410ఏను గాని నింపుతామనే వారిని గుమ్మం దాటనివ్వకండి. కొత్త గ్యాసుల ఒత్తిడి చాలా ఎక్కువ, ఆ గొట్టాలు, కంప్రెసర్ దానికి తగినవి కావు, పైగా ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది.

గ్యాస్ కొత్తరకమే అయి, ఏసీ వయసు ఆరేడేళ్ల లోపు అయితే ఫ్యాను మోటారు, కెపాసిటర్, సెన్సర్ వంటివి నిస్సందేహంగా బాగుచేయించుకోవచ్చు. పదేళ్లు దాటిన దానికి మరమ్మతు ఖర్చు కొత్త ఏసీ ధరలో మూడో వంతు దాటితే మార్చడమే మంచిదని నా లెక్క.

ఎన్ని స్టార్లది కొనాలి?

స్టార్ల కంటే లేబుల్ మీద రాసిన రెండు విషయాలు ముఖ్యం: ఏడాదికి ఎన్ని యూనిట్లు, ఏ సంవత్సరపు లేబుల్. కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ, అంటే బీఈఈ, స్టార్ల కొలబద్దను కొన్నేళ్లకొకసారి బిగిస్తుంది కనుక ఆనాటి ఐదు స్టార్లు ఈనాటి ఐదు స్టార్లకు సమానం కావు. కొట్లో పాత సరుకు మీద పాత లేబులే ఉంటుంది. యూనిట్ల అంకె ఏడాదికి 1,600 గంటల వాడకానికి వేసినది.

ఉదాహరణకు రెండు ఏసీల లేబుళ్ల మధ్య తేడా 250 యూనిట్లు ఉందనుకుందాం. ఏసీ వాడే నెలలో మీ అదనపు యూనిట్లు బిల్లులో ఎక్కువ ధర ఉండే పై శ్లాబులో పడతాయి కాబట్టి యూనిట్‌కు 9 రూపాయలు వేసుకుంటే ఏడాదికి 2,250 రూపాయలు మిగులుతాయి. ధరలో తేడా 9,000 అయితే నాలుగేళ్లలో తిరిగి వస్తుంది. అదే ఏడాదికి 800 గంటలే వాడే ఇంట్లో ఎనిమిదేళ్లు పడుతుంది. రాత్రిళ్లు పిల్లల గదిలో ఆరు నెలలు నడిచే ఏసీకి ఐదు స్టార్లు, చుట్టాలు వస్తే వేసే గదికి మూడు స్టార్లు చాలు.

ఇన్వర్టర్ ఏసీ నిజంగా కరెంటు ఆదా చేస్తుందా? పాడవుతుందని భయపెడుతున్నారు.

గంటల తరబడి నడిచే చోట తప్పకుండా చేస్తుంది. గది చల్లబడ్డాక కంప్రెసర్ ఆగి మళ్లీ మొదలయ్యే బదులు నెమ్మదిగా తిరుగుతూ ఉండడమే దాని కిటుకు. అరగంట వేసి ఆపేసేవారికి ఆ లాభం పెద్దగా దక్కదు. భయపెట్టే మాటలో కొంత నిజం లేకపోలేదు: అవుట్‌డోర్ యూనిట్‌లోని సర్క్యూట్ బోర్డు ఖరీదైనది. దాని శత్రువులు ఓల్టేజి ఎగుడుదిగుళ్లు, తేమ, ఆ పైన బల్లులు. వెచ్చదనం కోసం బోర్డు పెట్టెలో దూరిన బల్లి బోర్డు మీది రెండు పిన్నులను ఒకేసారి తాకితే బోర్డు, బల్లి రెండూ మాడిపోతాయి. తీగలు దూరే రంధ్రాలను మూయించడం పావుగంట పని. కొనేటప్పుడు కంప్రెసర్ వారంటీ ఎన్నేళ్లో అందరూ అడుగుతారు, బోర్డు వారంటీ ఎన్నేళ్లో కూడా కాగితం మీద చూసుకోండి.

ఉష్ణోగ్రత ఎంత పెట్టుకోవాలి?

24 నుంచి 26, సీలింగ్ ఫ్యాను నెమ్మదిగా తిరుగుతూ. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24 వద్ద మొదలయ్యేలా బీఈఈ నిబంధన ఉంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు సుమారు 6 శాతం ఆదా అవుతుందని అదే సంస్థ చెబుతుంది. 18 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ, 24 దాటి కిందికి వెళ్లాలని ఇంకా సేపు కష్టపడుతుంది, అంతే.

మా ఊరికి కూలర్ సరిపోదా?

అది మీ ఊరి గాలిని బట్టి ఉంటుంది. కూలర్ నీటిని ఆవిరి చేసి గాలిని చల్లబరుస్తుంది. కర్నూలులోనో, నిజామాబాదులోనో మధ్యాహ్నం 42 డిగ్రీలు, గాలిలో తేమ 20 శాతం ఉంటే, తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు సుమారు 24 చూపుతుంది. మంచి కూలర్ ఆ అంకెకు మూడు నాలుగు డిగ్రీల దగ్గరకు గాలిని దింపగలదు. కోస్తాలో 36 డిగ్రీలు, తేమ 70 శాతం ఉన్న రోజున అదే తడి థర్మామీటరు 31 దగ్గరే ఆగుతుంది. కూలర్ అక్కడ ఉక్కను పెంచడం తప్ప ఏమీ చేయలేదు. పొడి ప్రాంతాల్లో వట్టివేళ్ల తడికలు కట్టి నీళ్లు చల్లుకున్న రోజుల సూత్రం ఇదే.

కూలర్‌ను కిటికీకి ఆనించి బయటి గాలి పీల్చేలా పెట్టాలి, ఎదుటి తలుపో కిటికీయో కొద్దిగా తెరచి ఉంచాలి. తలుపులన్నీ మూసి, ఏసీలా వాడడం వల్లే చాలామంది కూలర్‌ను తిట్టుకుంటారు. బోరు నీళ్ల ఉప్పు ప్యాడ్ల మీద తెల్లగా గడ్డకడుతుంది. గడ్డి ప్యాడ్లు ఏటా మార్చుకోవాలి, తేనెపట్టు ప్యాడ్లు కొన్ని వేసవులు వస్తాయి. ట్యాంకులోని నీటిని వారానికొకసారి పూర్తిగా ఒంపి, గోడలు రుద్ది ఆరనివ్వాలి. డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇటువంటి నిలవనీటి అంచులనే.

వైరింగ్ విషయంలో ఏం చూసుకోవాలి?

ఏసీకి బోర్డు నుంచి విడిగా లైను, సొంత ఎంసీబీ (కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్చు), 16 ఆంపియర్ల సాకెట్, సరైన ఎర్తింగు ఉండాలి. ఒకటిన్నర టన్నుకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించుకుంటే నిశ్చింత. గంటసేపు నడిచాక ప్లగ్గును తాకితే వేడిగా ఉందంటే, లేదా దాని చుట్టూ పసుపు మచ్చ కనిపిస్తే, ఎలక్ట్రీషియన్‌ను ఆ రోజే పిలవండి. స్టెబిలైజర్ కావాలా అన్నదానికి జవాబు యూనిట్ పుస్తకంలోని ఓల్టేజి పరిధిలో ఉంది. సాయంత్రాలు మీ ఇంటి ఓల్టేజి ఆ పరిధి దాటుతుంటే కావాలి, లేకపోతే దండగ.

చలికాలానికి హీటర్ కొనాలా? గీజర్ సంగతి ఏమిటి?

ఏసీ కొనబోతున్న ఆదిలాబాదు వాసులు హాట్ అండ్ కోల్డ్ రకాన్ని పరిశీలించవచ్చు. అది వేడిని బయటినుంచి లోపలికి మోస్తుంది కనుక తీగ హీటరు కంటే మూడో వంతు కరెంటుకే అంత వెచ్చదనం ఇవ్వగలదు. హైదరాబాదుకు అవసరం లేదు.

గీజర్‌కు అసలు శత్రువు కఠిన జలం. నీళ్లు కాగడానికి పూర్వం కంటే ఎక్కువసేపు పడుతున్నా, లోపల చిటపట చప్పుడు వస్తున్నా ఎలిమెంటుకు సున్నపు పొర పట్టినట్టు. రెండేళ్లకొకసారి విప్పించి శుభ్రం చేయించి, ట్యాంకు బదులు తాను తుప్పు పట్టే మెగ్నీషియం కడ్డీని కూడా చూడమనండి. ఆ కడ్డీ అరిగిపోయాకే ట్యాంకు కారడం మొదలవుతుంది. గ్యాస్ గీజర్‌ను మాత్రం గాలి ఆడని స్నానాల గదిలో ఎన్నడూ పెట్టకూడదు. దాని మంట నుంచి పుట్టే రంగు, వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ నిమిషాల్లో ప్రాణం తీస్తుంది.

ఇల్లు మారుతున్నాం. ఏసీ విప్పేటప్పుడు ఏ జాగ్రత్త తీసుకోవాలి?

విప్పే ముందు గ్యాస్ మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్‌లోకి లాగి వాల్వులు మూసే ‘పంప్ డౌన్’ చేయించండి. ‘బుస్’మని గాలిలోకి వదిలేస్తే మళ్లీ నింపే ఖర్చు మీదే. కొత్త ఇంట్లో అవుట్‌డోర్ యూనిట్‌ను నాలుగు వైపులా గోడలున్న డక్టులో పెట్టనివ్వకండి. కింది అంతస్తుల యూనిట్లు వదిలిన వేడిగాలినే అది మళ్లీ పీలుస్తుంది. పాత రాగి గొట్టాలను వంచి వాడేటప్పుడు నొక్కులు పడ్డాయేమో చూడండి, ఫ్లేరింగ్ మాత్రం ప్రతిసారీ కొత్తగా చేయాల్సిందే. బిగింపు పూర్తయ్యాక మెకానిక్ మెట్లు దిగకముందే ఇత్తడి నట్లన్నిటికీ మీ కళ్లముందు సబ్బు నురగ పూయమనండి.